తైవాన్ డ్రామా బాగుపడిపోతోంది, అడిగే నాథుడే లేడా?

పెద్ద పెద్ద సమస్యల మీద మాట్లాడ్డానికి మనకు మేధావులు చాలినంతమంది ఉన్నారు కాబట్టి, ఎవరూ ముట్టుకోని ఒక ఘోరాన్ని ఇక్కడ విన్నవించుకోవాల్సి వస్తోంది. తైవాన్ టీవీ డ్రామాలు బాగుపడుతున్నాయి. 2019 నుంచి వరసబెట్టి బాగుపడుతున్నాయి. కథలో తర్కం ఉంటోంది. నటులు నటిస్తున్నారు. కథ అయిపోయిన చోటే డ్రామా కూడా అయిపోతోంది. రెండు దశాబ్దాలుగా ఈ డ్రామాల లోపాలను కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చిన అభిమానుల గతేం కాను?

కొరియా డ్రామా చూసేవాళ్లకు ఈ బాధ తెలియదు. వాళ్ల డ్రామాకు నెట్‌ఫ్లిక్స్ ఉంది, తెలుగు డబ్బింగ్ ఉంది, పక్కింటి పిన్నిగారి మెప్పు కూడా ఉంది. తైవాన్ డ్రామా చూసేవాడికి మిగిలిందల్లా సమర్థించుకోవడం అనే కళ ఒక్కటే. "అవును, హీరో కోటీశ్వరుడే, కానీ ఆయన బంగళా ఫర్నిచర్ షోరూంలా ఎందుకుందంటే..." అని మొదలుపెట్టి గంటసేపు వాదించగల సత్తా మనకే సొంతం. ఇప్పుడు ఆ కళకే ఎసరొచ్చింది.

ముందు మన పాత వైభవం ఏమిటో రుజువులతో చూద్దాం. అదృష్టవశాత్తు ఆసియాలో దీనికి ఒక ప్రయోగం జరిగిపోయింది. జపాన్ రచయిత్రి యోకో కామియో బొమ్మల కథ 'హనా యోరి డాంగో'. పేదింటి అమ్మాయి, శ్రీమంతుల పిల్లలు చదివే విద్యాలయం, దాన్ని ఏలే నలుగురు అందగాళ్లు. అదే గోంగూర, ఐదు వంటిళ్లు. నటులతో టీవీ డ్రామాగా మొదట పొయ్యి మీద పెట్టింది తైవాన్, 2001లో 'మీటియర్ గార్డెన్' పేరుతో. తర్వాత జపాన్ 2005లో, కొరియా 2009లో, చైనా 2018లో, థాయ్‌లాండ్ 2021లో వండుకున్నాయి.

ఇక రుచి చూడండి. జపాన్ మొదటి విడత 9 ఎపిసోడ్లలో ముగించింది, ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు మూసినట్టు. కొరియా 25 ఎపిసోడ్లు తీసి, హీరోయిన్‌ని న్యూ కలెడోనియా దీవులకు విమానంలో తీసుకెళ్లింది. కథలో హీరో డబ్బున్నవాడన్న సంగతి ప్రేక్షకుడు మరిచిపోతాడేమోనని వాళ్లకో భయం. చైనా దాదాపు 50 ఎపిసోడ్లు తీసింది గానీ, కథకు మూలకందమైన దౌర్జన్యాన్ని నీరుగార్చింది. అసలు కథలో ఆ నలుగురు ఎవరి లాకర్‌లో ఎర్ర చీటీ పెడితే వాణ్ని కాలేజీ అంతా వేధించాలి. చైనా వెర్షన్‌లో ఎర్ర చీటీ బదులు పేకముక్క, జోకర్. పక్కనే బ్రిడ్జి అనే పేకాట. రౌడీల్ని తెచ్చి క్లబ్బులో కూర్చోబెట్టారన్నమాట. ఇంకో ముచ్చట కూడా ఉంది. తైవాన్ వెర్షన్ పిల్లల బుర్ర పాడుచేస్తుందని 2002లో ఇదే చైనా ప్రసారం ఆపేసింది. పదహారేళ్లకు తనే తీసుకుంది.

మరి తైవాన్ ఏం చేసింది? డబ్బు లేదు. హీరో జెర్రీ యాన్ జుట్టు నుదుటి మీంచి పైకి లేచి నిలబడితే జనం 'అనాసపండు తల' అని పేరు పెట్టారు. ఆ నలుగురిలో సగంమందికి అంతకుముందు కెమెరా ముందు నిలబడ్డ అనుభవమే అంతంతమాత్రం. అది దాచే ప్రయత్నమూ ఎవరూ చేయలేదు. కోపం రావాల్సిన చోట జెర్రీ యాన్ నిజంగానే ఏం చేయాలో తోచని కుర్రాడిలా కనిపిస్తాడు. "క్షమాపణతో పనైపోతే ఇక పోలీసులెందుకు?" అని అతను విసిరే మాట ఇప్పటికీ చైనీస్ మాట్లాడేచోటల్లా సామెతలా తిరుగుతోంది. ఎదురుగా బార్బీ షూ. కలుపుమొక్కలా ఎంత తొక్కినా లేచే పిల్ల పాత్ర. ఆమె ఏడిస్తే ముక్కు కూడా ఎర్రబడుతుంది. కొరియా హీరోయిన్లు ఏడ్చినప్పుడు కన్నీటి చుక్క కూడా సరైన కోణంలో జారుతుందని గమనించినవాళ్లకు ఈ ఎర్ర ముక్కు విలువ తెలుస్తుంది. 2025 ఫిబ్రవరిలో ఆమె పోయినప్పుడు మనీలా నుంచి జకార్తా దాకా నడివయసు వాళ్లు గుర్తుచేసుకున్నది ఆ ముక్కునే.

ఇప్పుడు ప్రధాన పరిశ్రమకు వద్దాం. అది జ్ఞాపకశక్తి పోవడం. అన్ని దేశాలూ ఈ సరుకు తయారు చేస్తాయి గానీ, నాణ్యతలో తైవాన్‌కు సాటి లేదు. 'మీటియర్ గార్డెన్' రెండో భాగంలో హీరో స్పెయిన్ దాకా వెళ్లి, కారు గుద్దించుకుని, మరిచిపోతాడు. 2009 నాటి 'ఆటమ్స్ కాన్‌చెర్టో'లో హీరో వానెస్ వూకి మెదడులో కణితి, ఆపరేషన్, మరుపు. వీటన్నిటికీ తాత 2005 నాటి 'ద ప్రిన్స్ హూ టర్న్స్ ఇంటూ ఎ ఫ్రాగ్'. హోటళ్ల గ్రూపు అధిపతి, కారు తగిలి ఊరూపేరూ మరిచిపోతాడు. సముద్రం ఒడ్డున పల్లెలో హీరోయిన్ అతనికి ఒక ఆకుకూర పేరు పెట్టి పని చెప్తుంది. కోటీశ్వరుడికి తోటకూర అని పేరు పెట్టినట్టే అనుకోండి. ప్రేమ పండుతుంది. సరిగ్గా అప్పుడు పాత జ్ఞాపకం తిరిగొస్తుంది, ఈ పల్లె కాలమంతా మరిచిపోతాడు. అంటే ఒకే తలకాయతో రెండు మరుపులు. పొదుపంటే ఇదీ!

ఈ జబ్బు లక్షణాలు వైద్యులు రాసిపెట్టుకోవాలి. రోగి భాష మరచిపోడు, కారు నడపడం మరచిపోడు, కంపెనీ వాటాల లెక్క మరచిపోడు. ఒక్క మనిషిని మాత్రమే, ఆవిణ్ని మాత్రమే మరిచిపోతాడు. వైద్యపుస్తకాల్లో తలకు దెబ్బ తగిలితే సాధారణంగా పోయేది ప్రమాదానికి కాస్త ముందూ వెనకా జరిగిన సంగతులు. మనుషుల్ని ఏరి ఏరి తీసేయడం అక్కడ కుదరదు. రెండో దెబ్బ తగిలితే నయమవదు సరికదా, మరింత ముదురుతుంది. తైవాన్‌లో మాత్రం రెండో దెబ్బే మందు.

పొరుగువాళ్ల పద్ధతులు క్లుప్తంగా. కొరియాలో ఈ పని లారీ చేస్తుంది, సరిగ్గా ప్రేమ పండే వేళకొచ్చి గుద్ది. వారానికి రెండు ఎపిసోడ్లు, మొత్తం 16, కాబట్టి లారీ ఎప్పుడొస్తుందో గడియారం పెట్టుకోవచ్చు. జపాన్‌లో వారానికి ఒకటి, ముప్పావుగంట, మూడు నెలల్లో పది పదకొండు. మరిచిపోడానికీ గుర్తుతెచ్చుకోడానికీ వ్యవధి లేక, వాళ్లు ప్రేమిస్తున్న సంగతే పైకి చెప్పకుండా సరిపెట్టుకుంటారు. చైనా పౌరాణికాల్లో మందు తాగి మరిచిపోతారు. ఒక జన్మ చాలకపోతే మూడు జన్మలు. 2017లో వచ్చిన అలాంటి ప్రేమకథ ఒకటి 58 ఎపిసోడ్లు నడిచింది. 2020లో అక్కడి ప్రభుత్వమే విసిగిపోయి 40 దాటొద్దంది. పైగా చైనాలో చాలా డ్రామాలకు గొంతు వేరేవాళ్లు ఇస్తారు. అందుకే అక్కడ పది డ్రామాల హీరోలకు ఒకే గొంతు వినిపించినా ఆశ్చర్యపోకూడదు. తైవాన్ హీరో సొంత గొంతుతోనే మాట్లాడతాడు, వెనక స్కూటర్ల మోత సహితంగా. వాక్యం చివర 'లా', 'ఓ', 'నే' అని సాగదీస్తాడు. మాఫియా నాయకుడైనా సరే, బెదిరిస్తుంటే బతిమాలుతున్నట్టే ఉంటుంది.

సరే, కొత్తగా చూడబోయేవాళ్లకు పాత పద్ధతి డ్రామా చూసే విధానం చెప్పాలి. తప్పు చేస్తే వికటిస్తుంది.

మొదటి చిక్కు లెక్క. పాత ప్రేమ డ్రామా తైవాన్‌లో వారానికొకసారి, ఎక్కువగా ఆదివారం రాత్రి, గంటపావు గంటన్నర నిడివితో వచ్చేది. విదేశాలకు అమ్మేటప్పుడు దాన్నే ముప్పావుగంట ముక్కలుగా కోశారు. అందుకే ఒకే డ్రామాకు ఒకచోట 24 అనీ, ఇంకోచోట 39 అనీ ఉంటుంది. కథ ఒకటే. కోసినచోట మాత్రం ముద్దు మధ్యలో ఆగిపోయి, తర్వాతి ముక్కలో మొదలవుతుంది. దొరికితే పొడవు ముక్కలే తీసుకోండి. రెండు, ప్రతి ఎపిసోడ్ మొదట్లో గతవారం సంగతులు, మధ్యలో పియానో మీద అవే జ్ఞాపకాలు మళ్లీ. ప్రసారం ఒకపక్క, షూటింగ్ ఒకపక్క జరుగుతుంటే వారం తిరిగేసరికి గంటన్నర నిండాలి కదా, పాత రీలే దిక్కు. గొడుగు పట్టుకున్న ఒకే దృశ్యం ఆరోసారి వస్తే రచయితకు జ్వరమొచ్చిందని అర్థం చేసుకుని ముందుకు జరపండి. మూడు, తైవాన్ టీవీ దాదాపు ప్రతిదానికీ చైనీస్ అక్షరాలు బొమ్మలోనే అచ్చేసి ఇస్తుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ సరిగ్గా దానిమీదే పడితే రెండూ కలిసి ముగ్గుపిండి ఒలికినట్టుంటుంది. ప్లేయర్ సెట్టింగుల్లో సబ్‌టైటిల్‌ని ఒక వరస పైకి జరపాలి, లేదా వెనక నల్లపట్టీ పెట్టుకోవాలి. నాలుగు, ఎపిసోడ్ అయిపోగానే కట్టేయకండి. చాలావాటిల్లో చివర తప్పు టేకులు వేస్తారు. గుండె పగిలి ఏడ్చిన హీరోయిన్ అదే దృశ్యంలో డైలాగు మరిచి పకపకా నవ్వుతుంది. ఏ అవార్డు నటనకన్నా అదే బాగుంటుంది.

మొదటిసారే 2001కి వెళ్లకండి, చదరపు బొమ్మ, మసక రంగులు తట్టుకోలేరు. 2008 నాటి 'ఫేటెడ్ టు లవ్ యూ'తో మొదలెట్టండి. ఆఫీసులో అందరూ పని చెప్పి, వాడుకుని, పక్కన పారేసే గుమస్తా పిల్ల. అతికించుకుని పీకేసే పసుపు చీటీలాంటిదని ఆమెకు 'చీటీ అమ్మాయి' అని పేరు. ఓడలో ఒక్క రాత్రి పొరపాటు, గర్భం, వంశోద్ధారకుడితో పెళ్లి. తైవాన్‌లో దీని రేటింగు ఒక దశలో 13.64కి వెళ్లింది. ఆ తరహా డ్రామాల్లో అది రికార్డు. దానికి ముందు రికార్డు మన ఆకుకూర రాజుగారిదే. రెండింట్లోనూ హీరోయిన్ జో చెన్ కావడం యాదృచ్ఛికం కాదు. బస్టాపులో కనిపించే మనిషిలా నటించగలగడం ఆమె విద్య. 2014లో కొరియా దీన్ని కొనుక్కుని తిరిగి తీసింది. అక్కడ అమ్మాయి పేదరికం కూడా ఇస్త్రీ చేసినట్టుంటుంది.

ఇంతటి సంస్కృతి ఎలా చెడిందో చెప్పాలంటే అర్థశాస్త్రం కావాలి. 2 కోట్ల 30 లక్షల జనం, వందకు పైగా కేబుల్ ఛానెళ్లు. ప్రకటనల డబ్బు ముక్కలు ముక్కలైపోయింది. కొరియా డ్రామా కొని వేసుకోవడం సొంతంగా తీయడంకన్నా చవక. హీరోలు, దర్శకులు పారితోషికం ఎక్కువని చైనా బాట పట్టారు. ఇలా చితికిపోయిన పరిశ్రమ మర్యాదగా మూతపడాలి కదా! పడలేదు. ప్రజల సొమ్ముతో నడిచే పబ్లిక్ టెలివిజన్ 2019లో 'ద వరల్డ్ బిట్వీన్ అజ్' అని పది ఎపిసోడ్లు వేసింది. సినిమా హాల్లో కాల్పులు జరిపిన హంతకుడి ఇంటివాళ్లు, చచ్చిపోయిన పిల్లాడి తల్లి, వాదించే లాయరు. ఎవరికీ మతిమరుపు రాదు. అదే అక్కడి విషాదం.

ఆ ఏడాది చివర్లోనే 'సమ్‌డే ఆర్ వన్ డే'. హీరోయిన్ ఆలిస్ కో 2019లో వాక్‌మన్‌లో గాయకుడు వూ బాయ్ పాట 'లాస్ట్ డాన్స్' వింటూ కునుకు తీస్తే, 1998లో తన పోలికే ఉన్న స్కూలు పిల్ల ఒంట్లో లేస్తుంది. 13 ఎపిసోడ్లు. ఇది చూస్తూ బీరకాయ తరిగితే అంతే సంగతులు. ఎవరి ఒంట్లో ఎవరున్నారో కాగితం మీద రెండు నిలువు వరసలు గీసి రాసుకోవాలి, ఎడమన ఒళ్లు, కుడిన మనిషి. హీరోయిన్ తలెత్తి నడిస్తే ఒకరు, భుజాలు ముడుచుకుంటే ఇంకొకరు. ఆ తేడా ఆమె చెప్పదు, నడిచి చూపిస్తుంది. తైవాన్ డ్రామాలో నటన చూసి మనిషిని గుర్తుపట్టాల్సిన రోజు వస్తుందని ఎవరనుకున్నారు? కొరియా 2023లో దీన్నీ తీసింది, 12 ఎపిసోడ్లు, పాట మాత్రం తమ సొంతది, సో జీ వన్ అనే గాయకుడు పాడినది. ఒకప్పుడు జపాన్ కథను అందరికన్నా ముందు వండి ఇచ్చిన తైవాన్, ఇప్పుడు సొంత గోంగూర పండిస్తోందన్నమాట.

పరాకాష్ఠ 2023 నాటి 'వేవ్ మేకర్స్'. ఎనిమిది ఎపిసోడ్లు, ఎన్నికల ప్రచారంలో పనిచేసే సిబ్బంది కథ. ఒక ఉద్యోగినితో పార్టీ ఆఫీసులో ఒకడు అసభ్యంగా ప్రవర్తిస్తే, పైఅధికారిణి ఈ సంగతి ఇలా వదిలేయొద్దు అంటుంది. ఆ మాట పట్టుకుని తైవాన్‌లో నిజం ఆడవాళ్లు నిజం మగవాళ్ల మీద ఒకరి తర్వాత ఒకరు గొంతు విప్పారు. రాజకీయ పార్టీల్లో, సినిమా రంగంలో రాజీనామాలు, క్షమాపణలు. డ్రామా చూసి ఏడ్చి పడుకోవాలి గానీ, లేచి ఫిర్యాదు రాయడమేమిటి? చైనాలో ఇలాంటి ప్రమాదాలు జరగకుండా ముందే చూసుకుంటారు. సున్నితంగా కనిపించే మగవాళ్లను కూడా తెరమీదికి రానివ్వొద్దని 2021లో ఆదేశాలిచ్చారు. తైవాన్‌లో 2019 నుంచి ఇద్దరు మగవాళ్లు చట్టబద్ధంగా పెళ్లే చేసుకోవచ్చు. ఇక డ్రామాలో వాళ్ల ప్రేమకు అడ్డుగా ఏ లారీని తెస్తారు?

అయినా అంతా పోలేదు. రాత్రి ఎనిమిదింటికి తైవాన్ స్థానిక భాషలో రోజూ వచ్చే కుటుంబ డ్రామాలు ఇంకా నిలబడే ఉన్నాయి. ప్రకటనలతో కలిపి రోజుకు రెండు గంటలు, వందల ఎపిసోడ్లు. ఆస్తి పంపకం, చెంపదెబ్బ, పాలగ్లాసులో విషం. మన అత్తాకోడళ్ల సీరియల్ చూసి పెరిగినవాళ్లకు సబ్‌టైటిల్ కూడా అక్కర్లేదు. కెమెరా మూడుసార్లు మొహం మీదికొస్తే ఎవరో తలుపు దగ్గర నిలబడ్డారని తెలిసిపోతుంది. ఈ వారం అంత్యక్రియలైన మామగారే అక్కడ నిలబడి ఉంటారు, ఎవరినీ గుర్తుపట్టకుండా.