రెండు సెకన్ల లెక్క

1990 మార్చి 17 రాత్రి లాస్ వేగాస్‌లో ఇంకో రెండు సెకన్లు గడిస్తే బాక్సింగ్ పోటీ చివరి గంట మోగేది. గంట మోగితే గెలుపు అమెరికన్ మెల్డ్రిక్ టేలర్‌ది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి పాయింట్ల కార్డుల్లో అతనే బాగా ముందున్నాడు. కానీ రిఫరీ రిచర్డ్ స్టీల్ చేతులు ఊపి పోటీ ఆపేశారు. గెలుపు మెక్సికో బాక్సర్ హూలియో సెసార్ చావెజ్ ఖాతాలో పడింది. స్టీల్ చేసింది అన్యాయమా, కాదా అన్న గొడవ బాక్సింగ్ అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు.

అన్యాయం కాదనే మేం అంటాం. చావెజ్ కుడిచేతి దెబ్బకు టేలర్ కింద పడ్డాడు. తాళ్లు పట్టుకుని లేచాడు. బాగానే ఉన్నావా అని రిఫరీ రెండుసార్లు అడిగితే జవాబు లేదు. అలాంటి మనిషిని ఒక్క సెకను కోసమైనా మళ్లీ పిడికిళ్ల ముందుకు తోయకూడదు. మా ఫిర్యాదు వేరే ఉంది. ముఖం వాచిపోయి, నోట్లో నెత్తురు మింగుతున్న కుర్రాడిని చివరి రౌండుకు పంపుతూ, ఇది కూడా నువ్వే గెలవాలని చెప్పింది అతని సొంత శిక్షకులే. తీరిగ్గా తప్పించుకు తిరిగినా సరిపోయే రౌండు అది! ఆ తర్వాత టేలర్ ఇంకో బరువు విభాగంలో ప్రపంచ టైటిల్ గెలిచాడు గానీ, పాత టేలర్ మళ్లీ కనిపించలేదు. కొన్నేళ్లకు అతని మాట ముద్దగా మారింది.

చావెజ్‌ను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. 1962లో సొనోరా రాష్ట్రంలోని సియుడాడ్ ఒబ్రెగాన్‌లో పుట్టి, సినలోవా రాష్ట్రంలోని కులియకాన్‌లో పెరిగాడు. తండ్రి రైల్వే కార్మికుడు. పాత రైలు పెట్టె ఒకటి ఆ పెద్ద కుటుంబానికి ఇల్లయింది. తల్లి ఇతరుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసేది. ఆమెకు సొంత ఇల్లు కొనివ్వాలనే బాక్సింగ్‌లోకి వచ్చానని చావెజ్ చెబుతుంటాడు. 17 ఏళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడు. 1984లో లాస్ ఏంజెలిస్‌లో మారియో మార్టినెజ్‌ను ఓడించి మొదటి ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. ఆ తర్వాత మరో రెండు బరువుల్లోనూ చాంపియన్.

అతని ఆటలో తళుకులు లేవు. ఎదుటివాడిని మెల్లగా తాళ్ల వైపు తోసుకుంటూ పోయి, ఎడమచేతి హుక్‌తో (మోచేయి వంచి పక్కనుంచి విసిరే దెబ్బ) పక్కటెముకల కింద, సరిగ్గా కాలేయం మీద కొట్టేవాడు. తల మీద తగిలిన దెబ్బకు మనిషి తూలతాడు, కాలేయం మీద తగిలితే కాళ్లు మడతపడతాయి. ఆరేడు రౌండ్లు ఇలా సాగితే ఎంత వేగం ఉన్నవాడైనా ఆగిపోవాల్సిందే. టేలర్ చేతుల వేగాన్ని చివరికి తినేసింది ఈ ఓపికే.

చావెజ్ ఓడించింది మెక్సికో సరిహద్దు ఊరు తిజువానాలోని టాక్సీ డ్రైవర్లనేనని అమెరికన్ బాక్సర్ గ్రెగ్ హాగెన్ ఎగతాళి చేశాడు. 1993 ఫిబ్రవరిలో మెక్సికో సిటీలోని అజ్టెకా స్టేడియంలో లక్షా 32 వేల మంది చూస్తుండగా అయిదో రౌండులోనే అతని పని అయిపోయింది. ఆ డ్రైవర్లు చాలా గట్టివాళ్లై ఉంటారని తర్వాత హాగెనే ఒప్పుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికన్ బాక్సర్ పెర్నెల్ విటేకర్‌తో పోటీ డ్రా అయింది. చూసినవాళ్లలో ఎక్కువమందికి విటేకరే గెలిచినట్టు అనిపించింది, మాకూ అంతే. పేరున్నవాడికి జడ్జీల దగ్గర కాస్త చనువు ఉంటుంది, ఏ ఊళ్లోనైనా. 1994 జనవరిలో మరో అమెరికన్ ఫ్రాంకీ రాండాల్ చేతిలో మొదటి ఓటమి. 13 ఏళ్లకు పైగా ఓడని మనిషి ఆ రాత్రి మొదటిసారి కింద పడ్డాడు కూడా.

అసలు మునక రింగు బయట. మద్యం, కొకైన్ చావెజ్‌ను చాలా ఏళ్లు పట్టుకున్నాయి. 2005 దాకా రింగులోకి వస్తూనే ఉన్నాడు, జనం టికెట్లు కొంటూనే ఉన్నారు. ఆగమని చెప్పే రిఫరీ అక్కడ ఎవరూ లేరు. చివరికి చికిత్స తీసుకుని బయటపడ్డాడు. ఆ అలవాటును దాచకుండా అందరి ముందూ చెప్పుకున్నాడు. తనలాంటి వాళ్ల కోసం పునరావాస కేంద్రాలు పెట్టాడు. 2011లో బాక్సింగ్ దిగ్గజాలకిచ్చే గౌరవం, హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. చోటు దక్కడం కన్నా ఆ కేంద్రాల తలుపులు తెరవడమే మా దృష్టిలో పెద్ద పని. లక్షమంది నెత్తిన పెట్టుకున్నవాడు నేను బానిసనయ్యానని చెప్పుకోవడం, మగతనం గురించి అంత పట్టింపు ఉన్న ఆటలో, తేలిక కాదు.

రికార్డు పుస్తకం మాత్రం తన లెక్క తాను రాసుకుంటుంది. చావెజ్ పేరు కింద 107 గెలుపులు, 6 ఓటములు, 2 డ్రాలు. టేలర్ పేరు కింద ఆ రాత్రికి ఒకటే గీత: ఓటమి, 12వ రౌండు, 2 నిమిషాల 58 సెకన్లు.