పాడేటోన్ని పాడనియ్యున్రి

పాట సొంతంగ రాసుకొని, బాణీ కట్టుకొని, గిటార్ పట్టుకొని హన్మకొండల ఓ పబ్‌ల పాడుతుండు ఆ పిలగాడు. ఒక్కలన్న ఇనాలె గద! ఎనుక పెద్ద టీవీల క్రికెట్, దాని సౌండ్ సుత తగ్గియ్యలే. రెండో చరణంల ఉండంగనే ఒకాయన లేసి "తమ్మీ, ఇగ ఆపి డీజే పెట్టు" అని ఒర్లుడు. పిలగాడు లయ తప్పిండు, మళ్ల అందుకున్నడు. కడుపుల దేవినట్టయింది నాకు.

ఇనే గుణం మనకు లేదా? ఐనవోలు మల్లన్న జాతరల ఒగ్గుకథ చెప్పేటోళ్లు కథ ఎత్తుకుంటే డోలు సప్పుడుకు కదలకుంట కూసుండే జనమే గద మనం! పబ్ ఓనర్లూ, పాటకు పిలిచిన నాడు టీవీ బంద్ పెట్టున్రి. పైసలు గూడ చేతుల పెట్టున్రి. ఫ్రీగ తినిపో అంటే ఆనికి గిటార్ తీగలు ఎట్లొస్తయ్?