డైపర్లకు గ్రాంటా అని నవ్వకండి

అమెరికాలో పేదలకు తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులతో పాలు కొనొచ్చు, డైపర్లు కొనడానికి లేదు. డైపర్లు తెచ్చి ఇవ్వకపోతే చాలా డేకేర్లు బిడ్డను చేర్చుకోవు, బిడ్డను ఎవరూ చూసుకోకపోతే తల్లి పనికి వెళ్ళలేదు. డైపర్లు సేకరించి పేద ఇళ్ళకు పంచే డైపర్ బ్యాంకులు అక్కడ పుట్టింది ఈ చిక్కులోంచే. 2022లో ఫెడరల్ ప్రభుత్వం కూడా చెయ్యి వేసి, సేవాసంస్థల ద్వారా డైపర్లు పంచడానికి ప్రయోగాత్మకంగా గ్రాంట్లు మొదలుపెట్టింది. 2024లో టెనెసీ రాష్ట్రం రెండేళ్ళలోపు పిల్లలకు పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ కిందే డైపర్లు ఇచ్చేందుకు అనుమతి తెచ్చుకుంది. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళు, ఇదంతా మీకు తెలిసిందే. మీలో కొందరు వారాంతాల్లో ఆ పెట్టెలు సర్దే ఉంటారు.

హైదరాబాద్‌లో ఈ సంగతి ఎత్తితే ముందు వచ్చే మాట, "మా అమ్మ మమ్మల్నందర్నీ పాత చీర గుడ్డలతోనే పెంచింది" అని. చంటిపిల్లల వరకు నేనూ కాదనను. ప్రభుత్వం ఏమీ చేయలేదనీ అనను. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో సబ్బులు, నూనె, దోమతెరతో పాటు డైపర్లు కూడా ఉండేవి. 2025 సెప్టెంబరులో డైపర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. మంచిదే.

నా బాధ వేరే వాళ్ళ గురించి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్ళు స్వాధీనంలో లేని స్థితి) ఉండి, తొమ్మిదేళ్ళు వచ్చినా డైపర్ తప్పని పిల్లలు. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దవాళ్ళు. బోరబండలో నాకు తెలిసిన ఇంట్లో అలాంటి అబ్బాయి ఒకడున్నాడు. పగలంతా గుడ్డలు, రాత్రికి ఒక్క పాంపర్స్. వీధి చివర కిరాణా కొట్టులో షాంపూ ప్యాకెట్ల పక్కనే దండలా వేలాడదీసి విడిగా ఒక్కోటి అమ్ముతారు కదా, అదే. అది పసిపిల్లల సైజు. స్టిక్కర్లు నడుము చుట్టూ అందవు. వాళ్ళమ్మ పాత చున్నీ పేలిక చుట్టి పక్కన ముడేస్తుంది. పెద్దవాళ్ళ సైజు మెడికల్ షాపులో ఉంటుంది గానీ ప్యాకెట్ మొత్తం కొనాలి. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ముసురు పట్టిందంటే ఉన్న ఒక్క గదిలో ఫ్యాను కింద గుడ్డలు ఆరేసి, ఆ వాసనలోనే వంట. ఆవిడ ముందు చీర గుడ్డల గొప్ప చెప్పడానికి నాకు నోరు రాదు.

లెక్క చూడండి. పెద్ద సైజుది ఒక్కోటి 30 రూపాయలే అనుకున్నా, రోజుకు రెండు చొప్పున నెలకు 1,800. వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు. వికలాంగులకు 4,016. మందులు, ఆటో చార్జీలు, తిండి, అన్నీ అందులోంచే.

మరి మేం డాలర్లు పంపుతాం కదా అంటారు. పంపుతారు, డిసెంబరు రాగానే సైకిళ్ళు, కుట్టుమిషన్లు, కంటి శిబిరాలు, వెనకాల ఫ్లెక్సీ. (డైపర్ ప్యాకెట్ పట్టుకుని ఫొటో దిగిన దాతను నేనింతవరకు చూడలేదు.) అయితే ఇక్కడ ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అనే అడ్డం ఒకటుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం, ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థ తీసుకోవడానికి లేదు. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తనకొచ్చిన విరాళాన్ని చిన్న సంస్థకు పంచి ఇవ్వడమూ కుదరదు. బస్తీలో రెండు గదుల్లో స్పెషల్ స్కూలు నడిపే టీచరమ్మకు ఆ రిజిస్ట్రేషన్ ఎక్కడినుంచి వస్తుంది? ఏ ఇంట్లో ఎవరికి ఏ సైజు కావాలో తెలిసింది మాత్రం ఆవిడకే.

అందుకే ఆ డబ్బు రాష్ట్ర ప్రభుత్వం నుంచి గ్రాంటుగా రావాలంటున్నాను. వికలాంగుల సంక్షేమ శాఖలో చిన్న పద్దు ఒకటి పెట్టి, ఇలాంటి స్కూళ్ళకు, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు తిరిగే బృందాలకు నెలనెలా ఇస్తే చాలు. రాష్ట్రమంతటికీ ఒకే టెండరు పిలిచి, ఒకే సైజు డైపర్లు లారీల్లో దింపేట్టయితే మాత్రం వద్దే వద్దు. వాడినవాటిని చుట్టి పారేసే కవర్ల ఖర్చు కూడా అందులోనే కలపాలి. విడిగా చుట్టి ఇవ్వాలని 2016 నుంచి నిబంధన ఉంది, అయినా చెత్త ఆటో కుర్రాడు ఇప్పటికీ వట్టి చేత్తో ఏరుతున్నాడు.

మీరు చేయగలిగింది ఒకటుంది. అక్కడి మీ తెలుగు సంఘాల మహాసభలకు మా మంత్రులు, ఎమ్మెల్యేలు విమానమెక్కి వస్తారు. మేం నెలల తరబడి తిరిగినా దొరకని మనిషి మీకు భోజనాల బల్ల దగ్గర దొరుకుతాడు. ఒక్క పేజీ వినతిపత్రం చాలు. శాలువా కప్పకముందే చేతికివ్వండి. కప్పాక ఫొటోల హడావిడిలో ఎవరూ చదవరు.