మందుల చీటీ సరిచూసే ఖర్చు ఎవరిది?

పెద్దవయసు రోగి ఆసుపత్రిలో చేరితే వెంట ఒక మందుల సంచి వస్తుంది. బీపీ, షుగరు, కీళ్లనొప్పుల మాత్రలన్నీ అందులోనే. కొన్ని అట్టలు సగానికి కత్తిరించి ఉంటాయి, పేరున్న ముక్క మందుల దుకాణంలోనే మిగిలిపోయి ఉంటుంది. ఏది ఏ పూట వేసుకుంటున్నారో అడిగి, వార్డులో రాసిన కేస్ షీట్‌తో పోల్చి చూడాలంటే ఒక్కోసారి అరగంట పడుతుంది.

ఆ పని జరగకపోతే ఏమవుతుంది? ఇంట్లో ఉన్న బీపీ మాత్ర టెల్మిసార్టాన్ ఒక కంపెనీది. డిశ్చార్జి చీటీలో అదే మందు ఇంకో కంపెనీ పేరుతో ఉంటుంది. రోగి రెండూ వేసుకుంటాడు. బీపీ పడిపోయి, కళ్లు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణమే పోవచ్చు.

మందుల పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టమని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంగ్లండ్‌లోనైతే రోగి చేరిన 24 గంటల్లో మందుల జాబితా సరిచూడాలని 2015 నుంచీ మార్గదర్శకాలున్నాయి.

మన దగ్గర చిక్కంతా లెక్కలోనే ఉంది. ఒక చికిత్సకు ఇంత అని చెల్లించే ప్యాకేజీలో ఫార్మసిస్టు వెచ్చించే సమయం ఆసుపత్రికి ఖర్చుగానే కనిపిస్తుంది. తప్పిన ప్రమాదానికి బిల్లు ఉండదు. పైగా రోగి మళ్లీ చేరితే ఆసుపత్రికి ఇంకో బిల్లు వస్తుంది. ఆదా అయ్యేది రోగి కుటుంబానికి, బీమా సంస్థకు, ప్రభుత్వానికి. ఖర్చు ఒకరిది, ఫలం మరొకరిది అయినప్పుడు, ఆసుపత్రులు తమంతట తామే పూనుకుంటాయని ఎదురుచూడటం వృథా.

మనుషుల కొరత ఉందా అంటే, అదీ లేదు. ఆరేళ్ల ఫార్మ్‌.డి. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. చివరి ఏడాదంతా ఆసుపత్రిలోనే శిక్షణ. ఈ పనికే తయారైన ఆ యువతకు వార్డుల్లో పోస్టులు చూపించకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఆరోగ్యశ్రీ వంటి పథకాలూ బీమా సంస్థలూ ఈ పనికి విడిగా రుసుము ఇవ్వాలి. ముందుగా అయిదు, అంతకు మించి మందులు వాడే వృద్ధులతో మొదలుపెట్టవచ్చు. ఏది కొనసాగించాలో, ఏది మానేయాలో తెలుగులో రాసిన జాబితా ఫార్మసిస్టు సంతకంతో రోగి చేతికి అందిన తరువాతే ఆ రుసుము విడుదల కావాలి.