ఆ ఇల్లు నేను కొనలేదు

బోస్టన్ నుంచి అయిదు గంటలు కారు నడుపుకుంటూ పోతే అమెరికా ఈశాన్య కొసన మెయిన్ (Maine) రాష్ట్రంలో స్టోనింగ్టన్ వస్తుంది. 1939లో కట్టిన వేలాడే వంతెన దాటి డీర్ ఐల్ దీవిలోకి వెళ్ళాలి. దీవి దక్షిణపు కొసన ఉంది ఈ ఊరు. జనం వెయ్యికి కాస్త అటూ ఇటూ. అంత చిన్న ఊరు లాబ్‌స్టర్ల (పెద్ద రొయ్యల్లాంటి సముద్రజీవుల) రాబడిలో మాత్రం రాష్ట్రంలోకెల్లా పెద్ద రేవు.

పిల్లలకు సముద్రం చూపించడానికని ఇంట్లో చెప్పాను గానీ అసలు పని వేరే. అమెరికాలోని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో రెండేళ్ళుగా ఒకటే మాట: సముద్రం కనబడే ఇల్లు కొని ఎండాకాలం వారాల లెక్కన అద్దెకిస్తే లోన్ దానంతటదే తీరిపోతుందట. నేనూ ఈ ఊళ్ళో ఒకటి చూసుకున్నాను.

మాది కాకినాడ దగ్గర సముద్రపొడ్డున ఉన్న ఉప్పాడ పక్క ఊరు కాబట్టి తెల్లారకముందే రేవుకు పోయాను. నీళ్ళ మీద ఎక్కడ చూసినా, అడుగున పెట్టిన ట్రాపులకు (లాబ్‌స్టర్లను పట్టే బోనులకు) కట్టిన రంగురంగుల బెండ్లు. ఒక్కో వేటగాడికి ఒక్కో రంగుల జత. మనిషికి 800 ట్రాపులు దాటకూడదు. పట్టిన ప్రతి లాబ్‌స్టర్ వీపు డొప్పనూ కొలబద్దతో కొలుస్తారు. మూడుంపావు అంగుళాల కంటే చిన్నదైనా, అయిదు అంగుళాలు దాటినా తిరిగి నీళ్ళలోకే. గుడ్లతో ఉన్న ఆడదైతే తోక రెక్క మీద చిన్న గాటు పెట్టి వదులుతారు. ఆ గాటున్న దాన్ని తర్వాత ఎవరు పట్టినా, గుడ్లు లేకపోయినా సరే, ఉంచుకోకూడదు.

నాకు అన్నిటికంటే నచ్చింది లైసెన్సు పద్ధతి. దాన్ని అమ్మడానికీ కొనడానికీ వీల్లేదు. ఎవరి పేరున ఉందో ఆ మనిషి పడవలో ఉండాలి. డబ్బుంది కదా అని పది లైసెన్సులు కొనేసి, ఇంట్లో కూర్చుని కూలికి వేట చేయించడం కుదరదు.

ఆ మధ్యాహ్నమే ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. గుమ్మం పక్కన అట్టపెట్టెలు. లోపల ఉన్న కుర్రాడు లాబ్‌స్టర్ పడవ మీద ట్రాపులకు ఎర పెట్టే పనివాడు. చలికాలమంతా ఆ ఇంట్లో అద్దెకుంటాడు. జూన్ వస్తే టూరిస్టుల కోసం ఖాళీ చేసి, పెళ్ళాంతో సహా బంధువుల పెరట్లో చక్రాల ఇల్లు లాంటి క్యాంపర్‌లోకి మారతాడు. సెప్టెంబరులో మళ్ళీ ఇక్కడికే. వేట ముమ్మరంగా సాగే నెలల్లోనే వాళ్ళకు ఇల్లుండదు. "జూన్‌కి ఖాళీ అయిపోతుంది, మీకు టెన్షన్ లేదు" అన్నాడు ఏజెంటు, అతని ముందే.

ఉప్పాడలో ఇళ్ళను సముద్రం మింగడం చిన్నప్పటి నుంచి చూశాను. ఇక్కడ ఆ పని చేయడానికి బయల్దేరింది నేనే.

అమ్మేవాళ్ళు ఆ ఊరివాళ్ళే కదా, మనం కట్టే ఇంటి పన్నుతో వాళ్ళ బడి నడుస్తుంది కదా అంటాడు మా బావమరిది. అదీ నిజమే. కొనొద్దని నేననడం లేదు. కొంటే అక్కడ పనిచేసుకునే వాళ్ళకు ఏడాది పొడుగునా అద్దెకివ్వండి అంటున్నాను. అద్దె తక్కువొస్తుంది, లోన్ దానంతటదే తీరదు. అలాగైతే మనకు గిట్టదనుకుంటే వదిలేద్దాం. ఏడాదిలో ఓ వారం వెళ్ళి, ఎవరి ఇంట్లోనో అద్దెకుండి వద్దాం.

మన తెలుగు సంఘం పెట్టే రియల్ ఎస్టేట్ సదస్సుల్లో రాబడి స్లైడ్లు బోలెడన్ని చూపిస్తారు. ఈసారి ఎవరైనా లేచి ఒక్కటి అడగండి: ఆ ఇంట్లో చలికాలం ఎవరుంటున్నారు?