బోణీ కాగానే కట్టేసిన కొట్టు

హైదరాబాదు చరిత్రకారులు కుతుబ్‌షాహీల మీదా అసఫ్‌జాహీల మీదా సంపుటాలకు సంపుటాలు రాశారు గాని, 2003లో గద్దెనెక్కి 2005 తర్వాత ఊరు విడిచి వెళ్ళిన ఒక రాజవంశాన్ని మాత్రం ఎందుకో పట్టించుకోలేదు. దాని పేరు హైదరాబాద్ ఓపెన్. ప్రపంచ మహిళా టెన్నిస్ పోటీలను నడిపే సంఘం డబ్ల్యూటీఏ ఆమోదంతో ఫతే మైదాన్ హార్డ్ కోర్టుల మీద ఏటా ఫిబ్రవరిలో వారం పాటు సాగిన ఈ మహిళల టెన్నిస్ ఏలుబడి, మొత్తం కూడితే మూడు వారాలు. 1687లో అదే మైదానంలో విడిది చేసిన ఔరంగజేబు సేనకు గోల్కొండ కోట చేజిక్కడానికి ఎనిమిది నెలలు పట్టిందని గుర్తు చేసుకుంటే, ప్రజాస్వామ్యంలో పనులు ఎంత త్వరగా ముగుస్తాయో అర్థమవుతుంది.

ఈ టోర్నమెంటు హోదా టియర్ 4, ప్రైజ్‌మనీ 1,40,000 డాలర్లు. నాలుగో శ్రేణి అనగానే పెదవి విరిచినవారు, ఏదైనా సర్కారీ కార్యాలయం గడప తొక్కి ఎరుగనివారై ఉండాలి. నాలుగో తరగతి ఉద్యోగి చెయ్యి వేయనిదే ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి కదలదన్నది మనకు ఉగ్గుపాలతో అబ్బిన జ్ఞానం. పెద్ద టోర్నమెంట్లు ఇల్లంతా కప్పులున్నవారికే మరో కప్పు అందిస్తాయి. ఏళ్ళ తరబడి కదలని ఫైళ్ళను కదిపినది ఈ నాలుగో శ్రేణి మాత్రమే.

రుజువులు కావాలంటే విజేతల పట్టిక చూడవచ్చు. 2003లో ఇరోడా తుల్యగనోవాను ఓడించిన థాయ్‌లాండ్ క్రీడాకారిణి తమరిన్ తనసుగర్న్‌కు అదే మొదటి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్. 2004లో మరియా కిరిలెంకోపై గెలిచిన ఆస్ట్రేలియా క్రీడాకారిణి నికోల్ ప్రాట్‌కు ముప్పై ఏళ్ళ వయసులో అదే మొదటిది, అదే చివరిది. 2005 ఫిబ్రవరి 12న ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించిన పద్దెనిమిదేళ్ళ సానియా మీర్జా, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమెకూ సింగిల్స్‌లో అదే మొదటిది, అదే చివరిది. డబుల్స్‌లో తర్వాత 43 టైటిళ్ళకు చేరిన ఆమె ఖాతా కూడా 2004లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి ఇక్కడే తెరుచుకుంది. వ్యాపార పరిభాషలో దీన్ని బోణీ అంటారు. పొద్దున్నే తొలి బేరం కాగానే నోట్లు కళ్ళకద్దుకోవడం బజారు సంప్రదాయం. నోట్లు కళ్ళకద్దుకుని షట్టరు దించేయడం మన ఊరు దానికి చేర్చిన మెరుగు. ఇంటి పిల్ల గెలిచాక ఆ కొట్టు హైదరాబాదులో మళ్ళీ తెరుచుకోలేదు. పెళ్ళయిపోయాక పందిరి ఉంచడం అనవసరపు ఖర్చని ఏ పెద్దమనిషిని అడిగినా చెబుతాడు.

టోర్నమెంటు పేరుకు ముందు ‘ఏపీ టూరిజం’ అని ఉండేది. పర్యాటకశాఖ ప్రోత్సాహాన్ని ఇంత నిష్ఠగా తలకెక్కించుకున్న సంస్థ మరొకటి లేదు: 2006లో తానే పెట్టె సర్దుకుని బెంగళూరు వెళ్ళింది, తిరిగి రాలేదు.

దానికి ఊపిరి చాలకపోవడానికి ఆహార సంబంధమైన కారణం కూడా ఉందని నా వినయపూర్వకమైన అభిప్రాయం. అదే ఫిబ్రవరిలో, కూతవేటు దూరంలోని నాంపల్లిలో నుమాయిష్ జరుగుతుంది. 1938లో మొదలైన ఆ ప్రదర్శన ఇప్పటికీ చెక్కుచెదరలేదంటే, అక్కడ మిర్చీ బజ్జీ తింటూ, రంగులరాట్నం మీద కేకలు వేస్తూ, వంద రూపాయల దుప్పటిని యాభైకి బేరమాడవచ్చు గనుకనే. టెన్నిస్‌లో సర్వీసు చేసేటప్పుడు ప్రేక్షకుడు నోరు మూసుకోవాలి. హైదరాబాదీకి టికెట్టు అమ్మి, ఆపైన మాట్లాడవద్దనడం ఏ వ్యాపార సూత్రమో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

బెంగళూరు మెట్టినింట్లోనూ పుట్టింటి గుణం పోలేదు. 2006లో మారా సాంటాంజెలో, 2007లో యారోస్లావా ష్వెదోవా గెలిచారు. ఇద్దరికీ అదే సింగిల్స్ బోణీ. ఇది ఇలాగే సాగి ఉంటే ఆ కొట్టు నేటికీ నడిచేదేమో. కాని 2008లో హోదాను టియర్ 2కు, ప్రైజ్‌మనీని 6,00,000 డాలర్లకు పెంచేసరికి, అప్పటికే 8 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళున్న సెరెనా విలియమ్స్ వచ్చి, ఫైనల్లో పాటీ ష్నైడర్‌ను ఓడించి కప్పు పట్టుకెళ్ళింది. బోణీ బేరానికి నిండు బుట్టతో వచ్చిన ఖాతాదారును రానిస్తే ఏమవుతుందో బజారులో అందరికీ తెలుసు. ఆ తర్వాత టోర్నమెంటు జరగలేదు. క్రీడా విశ్లేషకులు డబ్బు, షెడ్యూలు, స్పాన్సర్లు అంటూ ఏవేవో చెప్పవచ్చు. నేను శకునశాస్త్రం వైపే నిలబడతాను.

హైదరాబాదు ఆ తర్వాత ఈ విద్యలో ఇంకా ఆరితేరింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగితే, 2024 పందెం జనవరిలోనే రద్దయింది. టెన్నిస్‌కు మూడేళ్ళు పట్టిన పనిని కార్లు ఒక్క ఏడాదిలో పూర్తి చేశాయి. విద్యుత్ వాహనాల వేగం గురించి విన్నదంతా నిజమే.

అదే 2023 మార్చి 5న సానియా మీర్జా వీడ్కోలు ఆటలు ఎల్బీ స్టేడియంలో జరిగాయి. ఊరంతా తరలివచ్చినంత సందడి. ర్యాంకింగు పాయింట్లతో పని లేని ప్రదర్శన పోటీ గనుక, కేకలకూ పెద్దగా అడ్డు లేదు. అన్నిటికంటే ముఖ్యం, వీడ్కోలు మ్యాచ్‌ను మరుసటి ఏడాది మళ్ళీ జరిపించమని ఎవరూ అడగరు.