రెంటచింతల ఎండ చూసినవాళ్లకి గ్రాండ్ కాన్యన్ లెక్క కాదా?

మే నెల వస్తే చాలు, అరిజోనాలో మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. ఈసారి నాకు నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: "గ్రాండ్ కాన్యన్‌లో రేంజర్లు ఊరికే భయపెడతారు. వాళ్ల పని గేటు దగ్గర టికెట్లు కొట్టడం, టోపీ పెట్టుకుని ఫొటోలు దిగడం. 2025లో వెయ్యిమందిని తీసేస్తే ఏమైంది? ఏమీ కాలేదు. రెంటచింతల, రామగుండం ఎండల్లో పెరిగినవాళ్లం, మనకి ఆ ఎండ లెక్క కాదు. పొద్దున టిఫిన్ చేసి దిగితే సాయంత్రానికల్లా నది చూసి పైకి వచ్చేయొచ్చు. నీళ్లు ఎంత తాగితే అంత మంచిది, దారంతా కుళాయిలున్నాయి. ఏదైనా అయితే 911కి ఫోన్ కొడితే హెలికాప్టర్ వస్తుంది, అదీ ఫ్రీగా."

రెండేళ్ల కిందట జూన్‌లో ఇలాంటి మాటలే నమ్మి మా బావమరిదిని వెంటబెట్టుకుని నేనూ ఆ లోయలోకి దిగాను. ఆ రోజు మమ్మల్ని వెనక్కి తిప్పినావిడ ఒక రేంజర్, అంటే పార్కును చూసుకునే సిబ్బందిలో ఒకరు. అందుకే ఈ మెసేజ్ చూసి ఊరుకోలేకపోతున్నాను. ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఎండ సంగతి. మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట అదే.

రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం రెండింటికి ఎవరైనా కొండ ఎక్కుతారా? తలుపులు వేసుకుని ఇంట్లో పడుకుంటారు, లేదంటే వేపచెట్టు కింద కూర్చుని ఉప్పేసిన మజ్జిగ తాగుతారు. పొలం పనికి వెళ్లేవాళ్లు చీకటితోనే వెళ్లి పొద్దెక్కేసరికి ఇంటికి చేరతారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న పెద్దవాళ్లు ఆ ఎండలో తిరగమని ఎప్పుడూ చెప్పలేదు. వేసవిలో పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా లోయలో నడవొద్దని రేంజర్లు చెప్పేది కూడా అచ్చంగా ఇదే. అంటే రెంటచింతల పెద్దాయన, గ్రాండ్ కాన్యన్ రేంజరు ఒకే మాట చెబుతున్నారు. ఇద్దరి మాటా విననిది మనమే. పైగా ఎండల్లో పెరిగిన మనలో ఎక్కువమందిమి ఇప్పుడు ఏసీ ఇంట్లోంచి ఏసీ కారులోకి, అక్కడినుంచి ఏసీ ఆఫీసులోకి నడిచేవాళ్లం. ఎండకి శరీరం పడిన అలవాటు కొన్ని వారాలు దూరంగా ఉంటే పోతుంది. పుట్టిన ఊరు చెబితే తిరిగి రాదు.

ఇంకో తేడా ఉంది. తిరుమల మెట్లు ఎక్కినప్పుడు ముందు ఎక్కుడు, తర్వాత దిగుడు. అలసిపోతే ఆగుతాం, ఓపిక లేకపోతే వెనక్కి దిగి వచ్చేస్తాం. కాన్యన్‌లో అంతా తలకిందులు. ముందు హాయిగా దిగుతాం, కాళ్లు వాటంతటవే పోతుంటాయి, అలసట తెలియదు. ఓపిక అయిపోయేసరికి మొత్తం ఎక్కుడు నెత్తిమీద ఉంటుంది. లోయలోకి దిగే బ్రైట్ ఏంజెల్ దారిలో పై అంచు నుంచి అడుగునున్న కొలరాడో నదికి దాదాపు 12.5 కిలోమీటర్లు. ఎత్తులో తేడా 1,300 మీటర్ల పైనే, అంటే అలిపిరి నుంచి తిరుమల ఎక్కినదానికి దాదాపు రెట్టింపు. అక్కడ తలమీద కప్పు ఉంటుంది, అడుగడుగునా మంచినీళ్లుంటాయి, పక్కనే నిమ్మసోడా అమ్మేవాళ్లుంటారు. ఇక్కడ రాళ్లు తప్ప ఏమీ ఉండవు, ఆ రాళ్లు కూడా సెగలు కక్కుతుంటాయి. దక్షిణపు అంచు 2,100 మీటర్ల ఎత్తులో చల్లగా ఉంటే, అదే సమయానికి అడుగున వేసవిలో నీడలోనే 43 డిగ్రీలు దాటుతుంది. పైన చల్లగా ఉందని బయల్దేరతాం, అసలు మోసం అక్కడే.

మేమూ అలాగే బయల్దేరాం. ఎనిమిదిన్నరకి ఉప్మా తిని దిగడం మొదలుపెట్టాం. మూడు మైళ్ల విశ్రాంతి గది దగ్గరికి చేరేసరికి బావమరిది మాట్లాడటం తగ్గించాడు. నేను పట్టించుకోలేదు. అక్కడ నీడలో ఒక రాయి మీద రేంజరమ్మ కూర్చుని ఉంది. మమ్మల్ని ఆపలేదు, తిట్టలేదు. పలకరించి నాలుగు ప్రశ్నలు వేసింది. ఎక్కడిదాకా? ఎన్నింటికి బయల్దేరారు? ఏం తిన్నారు? చివరిసారి యూరిన్‌కి ఎప్పుడు వెళ్లారు? చివరి ప్రశ్నకి మావాడి దగ్గర జవాబు లేదు. వాడి నల్ల టీషర్టు మీద చెమట ఆరిపోయి ఉప్పు తెల్లగా గీతలు కట్టింది. ఆవిడ ఆ గీతలు వేలితో చూపించి, "ఇదంతా నీ ఒంట్లోంచి పోయిందే" అంది. అప్పటిదాకా మాకు చెమటే పట్టలేదనుకుంటున్నాం. విజయవాడలో అయితే చొక్కా తడిసి ముద్దవుతుంది కాబట్టి తెలుస్తుంది. ఇక్కడి పొడిగాలికి చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది.

టోపీ తీసి కుళాయి కింద తడిపి మావాడి నెత్తిన పెట్టింది. టీషర్టు కూడా పూర్తిగా తడుపుకోమంది. ఉప్పు బిస్కెట్ల ప్యాకెట్ ఒకటి చేతిలో పెట్టి మెల్లగా తినమంది. వెనక్కి పొమ్మని మాత్రం చెప్పలేదు. "దిగడానికి పట్టినదానికి ఎక్కడానికి రెట్టింపు టైమ్ పడుతుంది, మీరే లెక్క వేసుకోండి" అంది. లెక్క వేసుకున్నాం. నది దాకా వెళ్తే రాత్రికి కూడా పైకి రాలేమని అర్థమైంది. నాలుగు దాటేదాకా నీడలో కూర్చుని ఎక్కడం మొదలుపెట్టాం.

ఆవిడ చేసింది ఏదో మంచి మనసుతో దారిన పోతూ చేసిన సాయం కాదు. అదే ఆవిడ డ్యూటీ. 1996 వేసవిలో లోయలో వరుసగా ఎండదెబ్బ మరణాలు జరిగాక, ప్రమాదం జరిగాక పరిగెత్తడం కంటే జరగకముందే ఆపాలని 1997లో ఒక పద్ధతి మొదలుపెట్టారు. రేంజర్లు, వాలంటీర్లు దారి మొదట్లోనూ మధ్యలోనూ ఉండి వచ్చేవాళ్లని పలకరిస్తారు. కుర్రాడొకడు మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకుంటున్న బొమ్మతో బోర్డులు పెట్టారు. ఒక్కరోజులో నది దాకా దిగి పైకి రావాలని చూడొద్దని వాటిమీద రాసుంటుంది. ఆ బొమ్మలో ముసలివాళ్లని కాకుండా కండలున్న కుర్రాడినే వేయడం ఊరికే కాదు. తమ ఒంటిమీద నమ్మకం ఎక్కువ ఉన్నవాళ్లే ఎక్కువ దూరం దిగిపోతారు.

ఇంత చేసినా ఏటా 250 మందికి పైగా మనుషుల్ని లోయలోంచి కాపాడి తేవాల్సి వస్తోంది. ఆ రోజు మేమిద్దరం ఆ లెక్కలోకి రాలేదు. రాకుండా ఆవిడ చూసింది. ఇలా తప్పిన ప్రమాదాలు ఏ లెక్కలోనూ ఉండవు, అందుకే వీళ్లు ఏ పనీ చేయడం లేదని మనకి అనిపిస్తుంది.

ఇక నీళ్ల మాట. ఎంత తాగితే అంత మంచిదన్నది పూర్తిగా తప్పు. మన ఇళ్లలో పెద్దవాళ్లకి సోడియం పడిపోయి, మాట తడబడి, ఆసుపత్రిలో చేర్చిన సందర్భాలు చాలామంది చూసే ఉంటారు. లోయలో అదే పని పాతికేళ్ల కుర్రాళ్లకి జరుగుతుంది. చెమటతో ఉప్పు పోతుంటే, ఏమీ తినకుండా ఉత్త నీళ్లు లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, ముదిరితే ఫిట్స్. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి పక్కనున్నవాళ్లు కంగారుపడి ఇంకా నీళ్లు తాగిస్తారు, అది ప్రాణం మీదికి వస్తుంది. రేంజర్లు ప్రతి ఒక్కరినీ "ఏం తిన్నారు" అని అడిగేది అందుకే. నీళ్లతో పాటు ఉప్పు ఉన్నదేదైనా తినాలి. మన జంతికలు, కారప్పూస ఇంతకంటే పనికొచ్చే చోటు ఇంకోటి లేదు.

దారంతా కుళాయిలన్నదీ నిజం కాదు. నదికి దిగే ఇంకో దారి సౌత్ కైబాబ్‌లో చుక్క నీరు దొరకదు. బ్రైట్ ఏంజెల్ దారిలో కుళాయిలున్నా, వాటికి నీళ్లిచ్చే పైపులైను 1960ల్లో వేయడం మొదలుపెట్టినది. 2010 నుంచి 85 సార్లకు పైగా పెద్ద ఎత్తున పగిలింది. 2024 ఆగస్టు చివర్లో ఒకేసారి నాలుగు చోట్ల పగిలితే దక్షిణపు అంచు మీద హోటళ్లలో రాత్రి బసే ఆపేశారు. అందుకే ఏ కుళాయి పనిచేస్తోందో బయల్దేరే రోజు పొద్దున కనుక్కోవాలి. దాన్ని రోజూ చూసి చెప్పేది కూడా పార్కు సిబ్బందే.

టికెట్లు కొట్టేవాళ్లన్న మాట గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గేటు దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు వేరే ఉంటారు, అదీ గౌరవమైన పనే. 2024లో 49 లక్షల మంది వచ్చిన చోటు అది, ఒక చిన్న ఊరికి ఉండే కష్టాలన్నీ అక్కడా ఉంటాయి. బీపీ ఉన్న నాన్నగారికి ఆ ఎత్తులో ఆయాసం వస్తుంది, ఒకరి పిల్లాడు తప్పిపోతాడు, ఒకరు ఎల్క్ అనే పెద్ద దుప్పితో సెల్ఫీకి మరీ దగ్గరికి పోతారు, ఒకరు ఉడుతకి చిప్స్ పెట్టబోయి వేలు కొరికించుకుంటారు. ఉడుత కాటుకి కట్టు కట్టేవాళ్లూ, గుండె ఆగినవాళ్లకి ఛాతీ నొక్కేవాళ్లూ, తాగి కారు నడిపినవాళ్లని అరెస్టు చేసేవాళ్లూ రేంజర్లే. తుపాకీ పెట్టుకునే రేంజర్లు జార్జియాలోని ఫెడరల్ శిక్షణ కేంద్రంలో పోలీసు ట్రైనింగ్ పొందినవాళ్లు. యెల్లోస్టోన్ అనే ఇంకో నేషనల్ పార్కులో అయితే లోపలే కోర్టు, లాకప్ ఉన్నాయి.

వెయ్యిమందిని తీసేస్తే ఏమీ కాలేదు అన్నారు. 2025 ఫిబ్రవరి 14న ఈ పార్కులన్నిటినీ నడిపే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ మొత్తంలో సుమారు వెయ్యిమందిని తీసేసిన మాట నిజం. మరుసటి నెలలోనే వెనక్కి తీసుకోమని ఫెడరల్ జడ్జి ఆదేశించారు, మెసేజ్‌లో ఆ ముక్క లేదు. అదే ఏడాది జూలై 4న కాన్యన్ ఉత్తరపు అంచు మీద పిడుగు పడి డ్రాగన్ బ్రావో మంట మొదలైంది. పది రోజులు తిరక్కుండానే గ్రాండ్ కాన్యన్ లాడ్జ్ బూడిదైంది. నీళ్ల శుద్ధి కేంద్రంలో క్లోరిన్ గ్యాస్ లీకైంది. ఆ గ్యాస్ గాలికంటే బరువు, లోయలోకి దిగుతుంది. లోపల నడుస్తున్నవాళ్లని వెతికి బయటికి పంపాలి, నదిలో పడవల మీద ఉన్నవాళ్లకి లోయ అడుగున బస ఉండే ఫాంటమ్ రాంచ్ దగ్గర ఆగొద్దని కబురు పెట్టాలి. ఆ లాడ్జ్ కాలిన రాత్రికి అందులో సందర్శకులు ఎవరూ లేరు. పార్కు సిబ్బంది ముందే ఖాళీ చేయించారు కాబట్టి లేరు.

చివరిది హెలికాప్టర్. లోయలో చాలా చోట్ల ఫోన్ సిగ్నలే ఉండదు. ఎమర్జెన్సీ ఫోన్ ఉన్న చోటికో, రేంజర్ స్టేషన్‌కో ఒకరు నడిచి వెళ్లి చెప్పాలి. హెలికాప్టర్‌కి కూడా ఎండదెబ్బ తగులుతుంది, గాలి వేడెక్కి పలచబడితే మోసే బరువు తగ్గుతుంది. పెనుగాలి వీస్తే, జూలైలో ఉరుముల వాన పట్టుకుంటే ఎగరదు. అలసిపోయాం, కాళ్లు పట్టేశాయి అంటే పంపరు, ప్రాణం మీదికి వచ్చినవాళ్లకే పంపుతారు. ఒకరి కోసం వెళ్లినప్పుడు ఇంకొకరు ఆగాల్సిందే. ఫ్రీ అన్నది సగమే నిజం. వెతికి కాపాడినందుకు పార్క్ సర్వీస్ డబ్బు తీసుకోదు. కానీ అక్కడినుంచి ఆసుపత్రికి ప్రైవేటు ఎయిర్ అంబులెన్స్‌లో తీసుకెళ్తే ఆ బిల్లు పేషెంట్‌దే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల ఇన్సూరెన్స్‌లో అది కవర్ అవుతుందో లేదో దిగకముందే చూసుకోండి.

హెలికాప్టర్ రాని వేళ ఏం జరుగుతుందో ఆ సాయంత్రం చూశాను. ఏడుంపావు అయింది, అంచు దగ్గరపడింది, పొద్దు వాలిపోతోంది. అందరూ ఒగరుస్తూ పైకి వస్తుంటే ఇద్దరు రేంజర్లు పెద్ద బ్యాగులు వీపున వేసుకుని, నుదుటికి లైట్లు కట్టుకుని కిందికి దిగుతున్నారు. పక్కకి జరిగి దారిచ్చాం. ఎక్కడిదాకా అని నేను అడిగాను. దారి మధ్యలో ఉండే హవాసుపాయ్ గార్డెన్స్ అనే మజిలీకి కింద ఒకాయన నడవలేక కూర్చుండిపోయాడట, రాత్రంతా ఆయన దగ్గర ఉండి, తెల్లవారుజామున చల్లటి పూట మెల్లగా నడిపించుకుని వస్తారట. మా బావమరిది దగ్గర ఇంకా సగం ప్యాకెట్ ఉప్పు బిస్కెట్లు మిగిలి ఉన్నాయి. ఇస్తే వాళ్లలో ఒకాయన తీసుకుని బ్యాగు పక్క జేబులో పెట్టుకుని, థాంక్స్ చెప్పి మలుపు తిరిగిపోయాడు.